కుప్పంలో విప్పని ముడి

ఆ సంచి మేకతోలుది. ఏళ్ళ తరబడి నీళ్ళు మోసి మోసి పనికిరాకుండా పోయిన మష్కును మా అల్లుడు మొయినుద్దీన్ కోసి ఇస్తే, మా కూతురు సయీదా సంచిగా కుట్టింది. దాంట్లో రెండు చీరలు పెట్టాను, ఒక దుప్పటి పెట్టాను, వేయించిన శనగపిండి డబ్బా పెట్టాను. పాత పంచె చింపి మడిచిన గుడ్డపేలికలు అడుగున పెట్టాను. అవసరానికి చేతికందాలి కదా అని తీసి పైన పెట్టాను. సంచి తెరవగానే అవే కనబడితే సయీదా మనసు చెడుతుందని మళ్ళీ అడుక్కు తోశాను.

"అమ్మీ, సంచి సర్దతాండావా, పిండి పిసకతాండావా?" అంది సయీదా.

"నువ్వు ఊరకుండు. మద్రాసంటే పక్కూరా? పోయినేడు ఆడ బాంబు పడిందంట."

"నా మీద పడేదానికి జపానోడు అంత దూరం నుంచి వస్తాడా యాడన్నా?"

మా ఇంట్లో మాటలు మా తురకమాటలే. చదువు మాత్రం నాకు తెలుగులో అబ్బింది. బెల్లం చుట్టిచ్చిన పేపరు ముక్కలు, మిషన్ బడి పిల్లలు పారేసిన పాత వాచకాలు, ఇవే నాకు బడి. అందుకని ఇది తెలుగులో రాస్తున్నాను.

మా ఇల్లు పుంగనూరులో. మొయినుద్దీన్ భిస్తీ. తెల్లారకముందే మంచినీళ్ళ బావిలో తోడి, మష్కు నింపి, ఆ తోలుతిత్తిని వీపున వేసుకుని ఇళ్ళకూ కాఫీ అంగళ్ళకూ నీళ్ళు పోసేవాడు. మష్కు కుట్టడం, చిల్లిపడితే బాగుచేయడం సయీదా పని. మైనం పూసిన దారంతో అది వేసిన కుట్టులోంచి చుక్క నీరు కారేది కాదు. వాళ్ళకు పిల్లలు లేరు. నాకు వాళ్ళిద్దరే ఉన్నారు.

సయీదా ఎడమ రొమ్ములో రేగుకాయంత గడ్డ కనబడింది. అది నిమ్మకాయంత అయ్యేదాకా నాకు చెప్పలేదు. చెప్పిన మరుసటి రోజే మదనపల్లె మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయాను. దొరసాని డాక్టరమ్మ చూసింది, చంకలో తడిమింది, ఇంగ్లీషులో ఏదో అంది. గ్లోరీ అని తెలుగు క్రైస్తవుల పిల్ల, అక్కడ నర్సు. ఆ పిల్ల మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి మెత్తగా చెప్పింది.

"ఇది రాచపుండు అమ్మా. ఈడ కోయగలరు గానీ కోసినాక రేడియం అని ఒకటి పెట్టాల. అది మద్రాసులోనే ఉండాది. డాక్టరమ్మ చీటీ రాసిస్తాది. ఆలస్యం చేయొద్దండి."

"కోస్తే బతుకుతానా?" అంది సయీదా.

"కోయకపోతే బతకవు. కోస్తే బతకచ్చు. ఇంతకన్నా చెప్తే అబద్ధమైతాది అక్కా."

సయీదా తల ఊపింది. "అబద్ధం చెప్పని మనిషి దొరికింది, చాలు. పోదాం," అంది.

అందుకే ఆ సంచి. మాకు రైలు ఎక్కాలంటే కుప్పం పోవాలి. పుంగనూరు నుంచి పలమనేరు మీదుగా బస్సు. ఇంట్లోంచి బయలుదేరే ముందు దాని కుడి జబ్బకు ఇమామ్ జామిన్ కట్టాను. ప్రయాణం పోయేవాళ్ళకు ఇమాముగారు జామీనని మా వాళ్ళు కట్టేది అది. ఒక నాణెం కొత్త గుడ్డలో చుట్టి జబ్బకు ముడేస్తాం. చేరాల్సిన ఊరు క్షేమంగా చేరినాక ముడి విప్పి, ఆ నాణెం బీదవాళ్ళకు ఇచ్చేయాలి. మా ఆయన హిదాయతుల్లా మష్కు మోసే పని వదిలి కోలారు బంగారు గనుల పనికి పోయినప్పుడు నేనే కట్టాను. మా అన్న రంగూనుకు పోయినప్పుడు నేనే కట్టాను. ఆ ముడులు ఎవరు విప్పారో, ఎక్కడ విప్పారో నాకు తెలియదు. కూతురికి కట్టేటప్పుడు ముడి మూడుసార్లు జారింది.

"గట్టిగా కట్టు. మద్రాసు దాకా ఉండాల," అంది సయీదా.

అది యుద్ధకాలం. పెట్రోలు లేక బస్సుకు వెనక బొగ్గుపొయ్యి తగిలించి నడిపేవాళ్ళు. ఎత్తు వచ్చినచోటల్లా మగవాళ్ళు దిగి తోశారు. సయీదా కూడా దిగబోతే మొయినుద్దీన్ కసిరాడు. "కూసోవే. నువ్వు తోస్తే బస్సు కుప్పంలో ఆగుతాదా, నేరుగా మద్రాసే!"

కుప్పంలో మద్రాసు రైలు మరుసటి రోజు ఉందన్నారు. రాత్రికి తలదాచుకోవడానికి మొయినుద్దీన్ మమ్మల్ని స్టేషను వెనకున్న ఒక పెంకుటింటికి తీసుకుపోయాడు. అప్పటిదాకా మాకు చెప్పలేదు గానీ, ఆ ఇంటి సంగతి వాడు పుంగనూరు సంతలోనే విని వచ్చాడు.

ఆ ఇల్లు అంజినప్పది. రైలింజన్లకు నీళ్ళు పెట్టే పంపుహౌసులో పనిచేసి దిగిపోయినవాడు. భార్య మంగమ్మ కడుపులో గడ్డ లేచి, కోత కోయించినా బతకలేదు. అప్పటినుంచి నీటి వైద్యం పుస్తకాలు తెప్పించుకుని చదివి, వచ్చినవాళ్ళకు వైద్యం చేసేవాడు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. ఇంటి ముందు మట్టికుండలు, తడిగుడ్డలు ఆరేసే తాడు, గోడ బారునా పుస్తకాలు. ఆ పుస్తకాలు చూసి నాకు అతని మీద సగం నమ్మకం అప్పుడే కుదిరింది.

"బూబమ్మా, ఇంజను బాయిలరు లోపల సూసినావా ఎప్పుడన్నా?" అన్నాడు నన్ను.

"నేను ఇంజనును బయటే సరిగా సూడలేదన్నా."

"లోపల గొట్టాలుంటాయి. చెడ్డనీళ్ళు పోస్తే గొట్టాలకు పెచ్చు కడతాది. పెచ్చు కట్టిన తావ గొట్టం వేడెక్కి ఉబ్బుతాది. ఉబ్బును కోసేస్తే బాయిలరు బాగవతాదా? నీళ్ళు మార్చాల. మనిషి ఒళ్ళూ అంతే. ఒళ్ళంతా కణాలు. ఒక్కో కణం నీళ్ళు నింపిన తిత్తి. ఆ నీళ్ళు కదలక నిలిచిపోయినాయనుకో, కణం దారి తప్పి గడ్డ అవతాది. డాక్టర్లు తిత్తిని సూస్తారు గానీ తిత్తిలో నీళ్ళను సూడరు."

తిత్తి అనే మాట మొయినుద్దీన్‌ను పట్టేసింది. వాడి ముఖం వెలిగింది. "అమ్మీ, ఇది నాకు తెలిసిన సంగతే! ఎండిన మష్కు రాయి మాదిరి అవతాదా లేదా? కొడితే టంగుమంటాది. రాత్రంతా నీళ్ళలో నానేస్తే తెల్లారికి మెత్తగా గుడ్డ మాదిరి వస్తాది. దీని గడ్డా గట్టిపడిన తోలే. నానాల."

వాడి బతుకంతా నీళ్ళు, తోలు. ఇంకెలా అనుకుంటాడు?

నాకూ ఆ మాట ఇంపుగానే ఉండింది. కానీ మిషన్ వాళ్ళ ఆరోగ్య వాచకంలో నేను చదివింది వేరు. ఒక కణం రెండవుతుందని, రెండు నాలుగవుతాయని, ఆగాల్సిన చోట అవి ఆగుతాయని, ఇలాంటి గడ్డలో మాత్రం ఆగడం మరిచిపోతాయని ఉంది దాంట్లో. అదే అడిగాను.

"అన్నా, నీళ్ళు చెడినందుకు కణం చెడిందా, కణం చెడినందుకు నీళ్ళు చెడినాయా?"

అంజినప్ప గోడ బారునా ఉన్న పుస్తకాల వైపు చూశాడు. "అదే నేనూ వెతుకుతాండాను బూబమ్మా," అన్నాడు. "మా మంగమ్మ పోయినప్పటినుంచి అదే వెతుకుతాండాను."

మొయినుద్దీన్ సయీదా ముందు కూర్చున్నాడు. "ఒక్కసారి సూద్దాం. కత్తి యాడికీ పోదు."

సయీదా వాడినే చూసింది. వాడికి కత్తి అంటే భయం. భయపడేవాడిని చూస్తే దానికి కోపం రాదు, జాలి. "మామిడికాయలు అయిపోయేదాకా," అంది. "అంతవరకే. తర్వాత రైలు."

"సరే. చేరినాం కదా, ఇమామ్ జామిన్ విప్పు," అన్నాను. ముడి అలాగే ఉంటే నాకు ఊపిరాడదు.

"యాడికి చేరినాం అమ్మీ? నేను బయలుదేరింది మద్రాసుకు. ఇది దావలో ఆగిన ఊరు."

"ఊరు ఊరే కదే, విప్పేస్తే ఒక పనైపోతాది."

"చేరకుండా విప్పితే ఇమాముగారికి అబద్ధం చెప్పినట్టే. నువ్వే గదా నేర్పింది."

ఆ ముడి అలాగే ఉండిపోయింది. స్నానానికి పోయినా తీయలేదు. తడిసింది, ఆరింది, ఆకుపచ్చ గుడ్డ తెల్లబడింది.

వైద్యం మొదలైంది. ఉప్పు లేని రాగిగంజి. మాంసం లేదు, పులుపు లేదు. గంటకోసారి కాచి చల్లార్చిన నీళ్ళు. రొమ్ము మీద పొద్దస్తమానం తడిగుడ్డ, గుడ్డ ఆరకముందే ఇంకొకటి. ఊళ్ళో బావి నీళ్ళలో ఉప్పుందని, గుట్టమీద బండ దోనెలో ఊరే నీళ్ళే కావాలని అంజినప్ప చెప్పాడు. మొయినుద్దీన్ రోజూ తెల్లవారుజామున, పుంగనూరు నుంచి వెంట తెచ్చుకున్న మష్కు వేసుకుని గుట్టెక్కి ఆ నీళ్ళు తెచ్చేవాడు. ఎండలు ముదిరి దోనెలో నీళ్ళు తగ్గితే చిప్పతో తోడి తోడి నింపేవాడు.

"బూబమ్మా, నీ అల్లుడు ఉండుంటే మా రైల్వేవోళ్ళు పంపే పెట్టుండరు," అనేవాడు అంజినప్ప.

"నా పెండ్లాం ఇంజను అన్నా. నీళ్ళు పోయకపోతే కదలదు," అనేవాడు వాడు.

"కదిలేది మద్రాసుకే," అనేది సయీదా, తడిగుడ్డ మార్చుకుంటూ.

మధ్యాహ్నాలు నేను అంజినప్ప పుస్తకాలు చదివేదాన్ని. తెలుగువి నేను చదివితే, ఇంగ్లీషువి అతను చదివి చెప్పేవాడు. రోగమంతా నీటిలో ఉందని ఒకరు, గాలిలో ఉందని ఒకరు, కణం ఊపిరి తీసుకునే తీరు మారిపోతుందని ఒకరు. ఒకరి మాట ఒకరికి సరిపోదు. అందరూ గట్టిగానే చెప్పారు. చదివేకొద్దీ నాకు దిగులు పెరిగింది. ఒకటి మాత్రం అర్థమైంది. తెలియదు అని రాసినవాళ్ళు ఆ గోడ బారునా ఎవరూ లేరు. తెలియదు అని నోటితో అన్నది ఒక్క అంజినప్పే.

మామిడికాయలు పండ్లయ్యాయి. ఒక పొద్దున సయీదా గడ్డ తడుముకుని, "మెత్తబడిందే," అంది.

మొయినుద్దీన్ మష్కు కింద పడేసి పరిగెత్తి వచ్చాడు. నేనూ తడిమి చూశాను. నిజమే. రాయిలా ఉన్నది నడిమధ్యన మెత్తగా దిగింది. వాడు అంజినప్ప రెండు చేతులూ పట్టుకున్నాడు. అంజినప్ప కళ్ళు తుడుచుకున్నాడు. నేను రెండు రకాతుల నమాజు చేశాను. సయీదా మాత్రం నవ్వలేదు. తడిగుడ్డ వాసన చూసి, దూరంగా పెట్టింది.

ఆ ఆనందంలో మొయినుద్దీన్ ఎన్నడూ చేయని పని చేశాడు. మష్కును రోజూ సాయంత్రానికి వంచేసి, నోరు తెరిచి, గాలికి వేలాడదీయాలి. భిస్తీ ఇంట్లో ఎవరూ అది మరిచిపోరు. కానీ ఆ ఇంట్లో అంతా తడి, తడి అన్న మాటే. తోలు ఎప్పుడూ నానుతూ ఉంటే ఇంకా మంచిదనుకున్నాడో ఏమో, నీళ్ళతోనే మూలన పెట్టేశాడు. వరసగా అదే చేశాడు. అప్పటికి తొలకరి మబ్బు పట్టి గాలి కూడా చెమ్మగా ఉంది.

ఒక ఉదయం మష్కు కారుతోందని సయీదా ముందు పెట్టాడు. అది సూది, మైనం దారం తీసుకుని అరుగు మీద కూర్చుంది. చిల్లి ఎక్కడుందో చూద్దామని బొటనవేలితో నొక్కింది. వేలు తోలులోంచి అవతలికి వచ్చేసింది. పక్కన నొక్కింది. అక్కడా అంతే. సయీదా ఆ వేలినే చూస్తూ కాసేపు కూర్చుంది. తర్వాత లేచి లోపలికి పోయి, రొమ్ము మీది తడిగుడ్డ తీసేసి, పొడి గుడ్డ కట్టుకుంది. ఆ రోజంతా మళ్ళీ తడి తగలనీయలేదు. అడిగితే, "ఆరనీ, సూద్దాం," అంది.

మరుసటి పొద్దున మొగుణ్ణి పిలిచింది. నేను పక్కనే ఉన్నాను.

"ఏమయ్యా, నానిన తోలు ఆరబెడితే ఏమవతాది?"

"మళ్ళీ గట్టిపడతాది. యాల?"

"నా గడ్డను నిన్న పొద్దుననుంచి ఆరబెట్టినా. గట్టిపళ్ళే. కారతాండాది. వాసన వస్తాండాది." పాడైన మష్కును వాడి ముందుకు తోసింది. "ఏదీ, నీ బొటనవేలు పెట్టు దీని మీద."

వాడు పెట్టలేదు. తెలిసినవాడు కదా. వేలు పెట్టకముందే తెలిసింది. ముఖం నల్లబడింది.

"నానింది వేరు, కుళ్ళింది వేరు. రెండూ మెత్తగానే ఉంటాయి," అంది సయీదా. "చిన్నప్పుడు మా అబ్బా నాకు చెప్పిన మొదటి మాట అదే. నువ్వూ నేనూ ఇద్దరం మరిచిపోయినాం."

"మరి నేను మోసిన నీళ్ళన్నీ?" అన్నాడు వాడు. "అన్నీ చెడ్డవేనా?"

"నీ నీళ్ళు మంచివే. అంత మంచి నీళ్ళు నేనెన్నడూ తాగలేదు. నీళ్ళు చెడలేదయ్యా, తోలు చెడింది. చెడిన తావ కోసి తీసేయాల. లేపోతే పక్కకు పాకతాది. లే. రైలు ఎప్పుడుందో కనుక్కో."

వాడు అరుగు మీద చతికిలబడి ఏడ్చాడు. సయీదా కొంతసేపు ఏడవనిచ్చింది. తర్వాత, "సాలు. ఇంజను ఏడిస్తే గార్డుసాబు ఏం చేస్తాడు?" అని వాడి తలమీద ఒకటి ఇచ్చింది.

అంజినప్ప గడపలో నిలబడి అంతా విన్నాడు. నేను అతని వైపు చూడలేకపోయాను. అతను వచ్చి, సయీదా కాళ్ళ దగ్గరున్న మష్కును ఎత్తి, తన వేలితో నొక్కి చూశాడు.

"అమ్మా, నా మాట పూర్తిగా తప్పని ఇప్పుడు కూడా అనలేను," అన్నాడు. "నువ్వు పోవద్దని మాత్రం అనను. ఉండు. స్టేషన్లో ఇంకా నా మాట వినేవాళ్ళు ఉండారు."

యుద్ధకాలంలో సిపాయిలే పెట్టెలన్నీ నింపేసేవాళ్ళు. టిక్కెట్టు దొరకడమే కష్టం. అంజినప్ప చొక్కా వేసుకుని పోయి, ఆ రోజు రైలుకే రెండు చోట్లు సంపాదించాడు.

నేను సంచి సర్దడానికి కూర్చున్నాను. తీరా చూస్తే సర్దడానికి ఏమీ లేదు. పుంగనూరులో పెట్టిన చీరలు రెండూ మడత విప్పలేదు. శనగపిండి డబ్బా మూత తీయలేదు. డాక్టరమ్మ చీటీ గుడ్డలో చుట్టి అలాగే ఉంది. ఇన్నాళ్ళూ సయీదా ఒంటిమీది చీరే ఉతికి కట్టుకుంటూ, సంచిని తలాపున పెట్టుకునే పడుకుంది.

"నేనూ వస్తా," అన్నాను స్టేషన్లో.

"రోగి దగ్గర ఒక్కరే ఉండాలంట అమ్మీ."

"అయితే వాడు కాదు, నేను పోతా. ఆడకూతురికి తల్లి ఉండాల."

"నువ్వొస్తే నీ ముఖం సూసి ఏడస్తా. ఆయన ముఖం సూస్తే నవ్వొస్తాది. కత్తి కింద పడుకునేటప్పుడు నాకు ఏది కావాల చెప్పు?"

మొయినుద్దీన్ పక్కనే సంచి పట్టుకుని నిలబడి, నిజంగానే నవ్వొచ్చే ముఖం పెట్టుకుని ఉన్నాడు.

రైలు వచ్చింది. ఇంజను ముందుకు పోయి నీళ్ళ గొట్టం కింద ఆగింది. నీళ్ళు ధారగా పడుతున్నంతసేపూ అంజినప్ప అటే చూశాడు. తర్వాత చంకలోంచి ఒక సీసా తీసి కిటికీలోంచి సయీదాకు అందించాడు. గుట్ట మీది నీళ్ళు.

"మందు కాదమ్మా. దప్పికి," అన్నాడు.

సయీదా అక్కడే మూత తీసి సగం తాగింది. "సల్లగుండాయి అన్నా," అంది. నా చేతిని లోపలికి లాక్కుని తన జబ్బ మీద పెట్టుకుంది. తెల్లబడిన గుడ్డ, లోపల నాణెం. నేను కట్టిన ముడి అది. ఎంత తడిసినా వదులు కాలేదు.

"రంజాను నెల మొదలయ్యేలోగా వస్తా. నా వంతు సేమ్యాలు ఎవరికీ పెట్టబాకు."

రైలు కదిలాక కూడా చేయి ఊపుతూనే ఉంది. తల లోపలికి తీసుకోలేదు. మలుపులో ఇంజను పొగ అడ్డం వచ్చేదాకా కనబడింది.

తర్వాతిదంతా మొయినుద్దీన్ చెప్పింది. మద్రాసులో రైలు దిగి గేటు దాటగానే సయీదా ఆగిందట. వాడి చేత ముడి విప్పించిందట. గుడ్డ అంతా బిగుసుకుపోయి రాకపోతే పళ్ళతో లాగమందట. నాణెం అక్కడ కూర్చున్న ఒక గుడ్డి ముసలమ్మ చేతిలో పెట్టి, "ఇప్పుడు చేరినాం," అందట. ఆసుపత్రిలో ఎవరూ పట్టుకోకుండా తనే బల్ల ఎక్కిందట. కోశారు. రేడియం పెట్టారు. ఇంకా ముందే వచ్చి ఉంటే అని పెద్ద డాక్టరు సగం మాట అని ఆపేస్తే, "మిగతాది అనండయ్యా, నేను వింటా," అందట.

మొయినుద్దీన్ తోలుసంచితో ఒక్కడే వచ్చాడు. అంజినప్ప ఆ తర్వాత కూడా నీటి వైద్యం మానలేదు. కానీ రొమ్ములో గడ్డ అని ఎవరైనా వస్తే గుమ్మంలోనే ఆపి, ముందు మదనపల్లె పోయి చూపించుకుని రమ్మని పంపేవాడు.

సయీదా మద్రాసు నుంచి తిరిగి రాలేదు. ఆసుపత్రిలోనే పోయింది, 1944 ఆగస్టు పదకొండు, శుక్రవారం నాడు.